మేనత్త ఉపవాసం

మొన్న ఆదివారం మొయినాబాద్‌లో ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల దగ్గర ఒకాయన తన తల్లి గురించి గొప్పగా చెప్పాడు. "మా అవ్వకు భక్తి మస్తు పెరిగిందన్నా. వారంల నాలుగు రోజులు ఉపాసమే." నాకు ఒళ్లు మండింది. "ముందుగాల దవాఖానకు తోల్కపో" అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. పోనీ. మా మేనత్త విషయంలో ఆ మాట నాకెవరూ అనలేదు.

మేనత్త చేవెళ్లలో మా ఇంట్లోనే ఉంటుంది. డెబ్బై దాటినా క్యారెట్ మడిలోకి కూలీలకంటే ముందు దిగేది. అలాంటి మనిషి పోయినేడు ఉన్నట్టుండి చల్లబడింది. ఒళ్లు నొప్పులంటూ మంచం పట్టింది. అన్నం పెడితే "ఉపాసం ఉన్న బిడ్డా" అనేది. ఉపవాస ప్రార్థనలో ఉన్నవాళ్లను తినమని బలవంతపెట్టడం మాలో తప్పు. కంచం తీసేసేవాళ్లం. పైగా సంఘంలోని ఆడవాళ్లు తమ కష్టాలు చీటీల మీద రాసి, ప్రార్థించమని ఆమె చేతిలో పెట్టిపోయేవారు. సిగ్గులేకుండా నేనూ నా కొడుకు ఉద్యోగం కోసం ఒకటిచ్చాను. జాకెట్లు వదులై భుజాల మీంచి జారుతున్నా మా కళ్లకు భక్తే కనిపించింది.

కళ్లు తిరిగి పడితేగానీ దవాఖానకు తీసుకెళ్లలేదు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. "వయసు గదా సార్" అన్నాను తెలివిగా. "వయసు రోగం కాదు. మీరు జర ఆగండి" అని డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "అవ్వా, నీకు దేనిమీదన్న మనసు పోతున్నదా?"

మేనత్త నా వైపు చూడకుండా డాక్టరుకే చెప్పింది. "లేదు సారూ. పొద్దుగాల ఎందుకు లేచిన్నో అనిపిస్తది. ప్రార్థన చెయ్యక ఏడాదాయె. చీటీలు ఒక్కటి గూడ చదవలే. తినబుద్ధిగాక ఉపాసమని చెప్పిన."

డిప్రెషన్ అన్నాడు డాక్టరు. మందులు రాసి, గుణం కనబడటానికి వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దన్నాడు. ఇంట్లోవాళ్లు పదో రోజుకే "పిచ్చిమందులు బంద్ చేద్దాం" అన్నారు. ఒక్కొక్కరితో పోట్లాడి వేయించాను, మాట్లాడించడానికి ఆమెను మళ్లీ మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

రెండు నెలలకు ఆమెకు నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగింది: "గన్ని దినాలు ఎట్లున్నవని ఒక్కలన్న ఎందుకు అడగలే బిడ్డా?"

ఆమెకు ఇంకెన్నేళ్లు మిగిలాయో తెలియదు. అందులోంచి ఒక ఏడాదిని మాత్రం మేమంతా కలిసి మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ పోగొట్టాం.