చివరి బెంచీలో మా అయ్యగారు

దయ్యాలు లేవని చెప్పడం నా ఉద్యోగంలో భాగం. మలావీ దేశంలో ఒక చిన్న బైబిలు కళాశాలలో ఏడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఎవరో కనబడ్డారని విద్యార్థులు అంటే కోప్పడేవాణ్ణి. మా మలికిపురం వైపు కూడా అలాంటి కబుర్లకు కొదవ లేదు, వాటినీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది దయ్యం కథ కూడా కాదు. ఇందులోని మనిషి నిక్షేపంగా బతికే ఉన్నారు.

ఆయన మా అయ్యగారు. రాజోలు దగ్గర బైబిలు స్కూల్లో నాకు ప్రసంగం చెయ్యడం నేర్పినవారు. చర్చిలో మాట్లాడించే ముందు ప్రతి విద్యార్థినీ కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి చెప్పించేవారు. వాళ్ళ చెయ్యి ఆగి, తలెత్తి చూస్తే పాసయినట్టు. నేను మూడు వారాలు చెప్పినా ఒక్క చెయ్యీ ఆగలేదు.

"ఏరా, కాయలకి చెబుతున్నావా, మనుషులకా?" అనేవారు. తర్వాత తన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. కాగితం పక్కన పెట్టి మనుషుల్ని చూడమని ఆ సైగకు అర్థం. ఆయనది ఎడమచేతి వాటం, అందుకని చొక్కాలకు జేబు కుడివైపు కుట్టించుకునేవారు. ఎంత మొద్దునైనా ఓర్చుకున్నారు గానీ ఒక్కణ్ణీ ఇంటికి పంపలేదు. అలాంటి గురువు నాకు దొరకడం నా అదృష్టం.

నేను మాత్రం మలావీ వెళ్ళి పెద్ద పంతులునైపోయాను. ప్రసంగాన్ని ఇంగ్లీషులో మూడు భాగాలుగా రాసుకొచ్చి చదవాలని నియమం పెట్టాను. డేనియల్‌కి అది చేత కాలేదు. ముప్ఫయ్యేళ్ళ రైతు, ఇద్దరు పిల్లల తండ్రి. పాస్టరు లేని వాళ్ళ ఊరు అతన్ని చదివి రమ్మని పంపింది. అప్పటికి ప్రసంగం పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే చదువు అయిపోయినట్టే. నిజం ఒప్పుకుంటాను, ఆ ఉదయం వినకముందే నా మనసులో అతన్ని ఇంటికి పంపేశాను.

పది గంటలకు మొదలుపెట్టాడు. నేను ముందు కుర్చీలో మార్కుల కాగితం మీద తల వంచుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలకే తడబడి ఆగిపోయాడు. తలెత్తితే, అతను నన్ను దాటి చివరి బెంచీ వైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి కాగితం మడిచేసి, వాళ్ళ చిచెవా భాషలో, వరదకి తన చేను కొట్టుకుపోయిన ఏడాది గురించి చెప్పసాగాడు. నాకు ఆ భాష సగమే వచ్చు. అయినా మార్కుల కాగితం పక్కన పెట్టి వింటూ ఉండిపోయాను. వంటావిడ గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది.

అయ్యాక పిలిచి, ఎందుకు కాగితం మడిచావని అడిగాను.

"ఆ పెద్దాయన సైగ చేశారు కదా సార్. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఎవరాయన?"

ఏ వైపు జేబు అన్నాను. కుడివైపు అన్నాడు. నీ కుడా, ఆయన కుడా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన కుడే అన్నాడు.

చివరి బెంచీకి ఒక కాలు విరిగింది, దాని మీద ఎవరూ కూర్చోరు. వెళ్ళి చూస్తే దుమ్ము చెదరలేదు. మిగతా విద్యార్థులు ఎవర్నీ చూడలేదన్నారు. అయ్యగారి ఫోటో నా దగ్గర లేదు. ఆయన సంగతి అక్కడ ఎవరికీ చెప్పనూ లేదు. చెబితే నేను ఆయన దారి వదిలేశానని బయటపడుతుంది, సిగ్గు.

ఆ రోజే రాజోలు ఫోన్ చేశాను. అయ్యగారి భార్య, మా అమ్మగారు ఎత్తారు. అయ్యగారు బాగున్నారా అని అడిగాను.

"ఆయ్, బానే ఉన్నారు బాబూ. ఒంటిగంటకి భోంచేసి కునుకు తీసేరు. లేస్తూనే, కుర్రోడు బాగా చెప్పేడు అన్నారు. ఏ కుర్రోడండీ అంటే నవ్వేసేరు."

మాకు పది గంటలంటే అక్కడ ఒంటిగంటన్నర. అయ్యగారినే అడిగితే, "ముసలాణ్ణి కదరా, ఏవో కలలు" అని మాట మార్చేశారు.

డేనియల్ పాసయ్యాడు. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే పాస్టరు. ఆ రోజు జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అయ్యగారిది కల అనుకుందామంటే డేనియల్ మేలుకునే ఉన్నాడు. నాకు తెలిసిందల్లా ఒకటే. పదడుగుల దూరంలో కూర్చుని, గొంతు ఆగిపోయేదాకా నేను అతని మొహమైనా చూడలేదు. మా అయ్యగారు రాజోలు నుంచి చూశారు.