బావుల లింగన్న సముద్రాన్ని ఎంచుకున్న తీరు

మహారాష్ట్ర సరిహద్దులోని కుండల్‌వాడి పొలిమేరలో సుబ్బయ్య సేట్ బావి దగ్గర జరిగిన కొట్లాటను మైసవ్వ కళ్లారా చూసింది. విని చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల మాటకు తల ఒకచోట ఉంటే తోక ఇంకోచోట ఉంటుంది. మైసవ్వ చూసిందే చెబుతుంది.

సేట్ బావిలో దించిన నీళ్ల మోటారు మాయమైంది. తెగిన తాడు మాత్రం వేలాడుతోంది. జీతగాడు పోచన్నే తాడు కోసి మోటారు అమ్ముకున్నాడని సేట్ పట్టు పట్టాడు. నాందేడ్ నుంచి పిలిపించిన ఈతగాడు అప్పటికే బావిలో మునిగి, అడుగున ఏమీ లేదని చెప్పి పోయాడు. పోచన్నను ఠాణాకు తీసుకుపోవడానికి మోటర్‌సైకిల్ కూడా తయారుగా ఉంది. సోయా కోతకు వచ్చిన కూలీ ఆడవాళ్లంతా కొడవళ్లు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. మైసవ్వ వాళ్లలో ఒకతె. ఆమె మరిది లింగన్నకు కబురు ఎవరు పెట్టారో గాని, కర్ఖేలి నుంచి జీపెక్కి వచ్చి దిగాడు.

"సేట్‌జీ, గా ఈతగాడు మన్ను తెచ్చిండా?" అన్నది అతని మొదటి మాట.

బావుల్లో మునిగేవాళ్లకు ఒక రివాజు ఉంది. అడుగు ముట్టినవాడు పిడికెడు మన్ను పట్టుకుని పైకి రావాలి. ఒట్టి చేతులతో వచ్చినవాడి మాట చెల్లదు.

"తెచ్చిండు. గదిగో," అని సేట్ బావి ఒర గట్టుమీద ఎండిన ముద్దను చూపించాడు.

లింగన్న దాన్ని చిదిపి వాసన చూశాడు. "ఇది అడుగు మన్ను గాదు. నడుమ అరుగున్నది గద, దాని మీదిది. గాయన అడుగు ముట్టనే లేదు."

"నీకెట్ల ఎరుక?"

"ఇది ఎర్రగున్నది. గీ బాయి అడుగు నల్లగుంటది, కుళ్లిన ఆకు వాసన అస్తది. మీ నాయిన బిందె పడ్డప్పుడు తీసింది నేనే."

"ఎప్పటి ముచ్చట అది! ఇప్పుడు గూడ గట్లనే ఉంటదా?"

"బాయి అడుగు సేట్‌ల లెక్క పూటకో మాట మార్చది."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మైసవ్వ మాత్రం కొంగు అడ్డం పెట్టుకోలేదు. లింగన్న అంగీ విప్పి, తాడు నడుముకు కట్టుకుని దూకాడు. నీళ్లు కలిసిపోయి మళ్లీ ఏమీ ఎరగనట్టు నిలిచాయి. పోచన్న పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తున్నాడో. చాలాసేపటికి తల పైకి తేలింది. నడుముకున్న తాడు ఇప్పుడు అడుగున మోటారుకు కట్టి ఉంది. లింగన్న ఒర దగ్గరకు వచ్చి, పిడికిట్లోని నల్లటి బురదను సేట్ చెప్పుల ముందు కొట్టి, "ఇగ గుంజుండ్రి" అన్నాడు. ఆరుగురు గుంజితే నాచు పట్టిన మోటారు పైకొచ్చింది. తాడు కోసింది కాదు, మురిగి తెగింది.

"బహుత్ మంచి పని చేసినవ్ లింగన్నా," అన్నాడు సేట్.

"నాకెందుకు చెప్తున్నరు? పోచన్నకు చెప్పుండ్రి."

మాఫ్ చెయ్యమని సేట్ చెప్పాడు. పోచన్న వైపు చూడకుండా, మోటారు వైపు చూసి చెప్పాడు. అయినా చెప్పాడు. ఆ మాట చెప్పేదాకా లింగన్న తడి అంగీ పిండుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

అట్లాంటి మనిషి లింగన్న. సెంటు భూమి లేదు. పన్నెండో ఏట బావిలో దిగాడు, యాభై రెండో ఏడు దాకా దిగుతూనే ఉన్నాడు. మోటార్లు తీశాడు, బిందెలు తీశాడు, కాలుజారి పడిన గొర్రెల్ని తీశాడు. బతుకు మీద విసిగి దూకినవాళ్లను కూడా తీశాడు. వాళ్లను తీసిన రోజు అన్నం ముట్టేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. భార్య పోయాక వదిన మైసవ్వ వండిందే తింటున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని గాని తక్కువైందని గాని ఇన్నేళ్లలో ఒక్కసారి అనలేదు. మైసవ్వకు అదే కోపం. అన్నా బాగుండును, తనూ తిరిగి రెండు మాటలు అనేది.

ఆ కొట్లాట తర్వాత, కిందటేడు, బిలోలి వైపు ఒక బావిలో దిగి వచ్చినప్పుడు ఎడమ చెవి నుంచి నెత్తురు కారింది. మైసవ్వే నాందేడ్ తీసుకుపోయింది. డాక్టర్ చెవిలో దీపం పెట్టి చూసి, లోపలి పొరకు చిల్లు పడిందన్నాడు. ఇక మునగకూడదు, స్నానం చేసినా చెవిలో దూది పెట్టుకోవాలి. "చాలీస్ సాల్ పానీ మే రహా, అబ్ పానీ సే డర్నా?" అని, నలభై ఏళ్లు నీళ్లల్లో ఉన్నవాడు ఇప్పుడు నీళ్లకు భయపడాలా అన్నట్టు, లింగన్న నవ్వబోయాడు. డాక్టర్ నవ్వలేదు.

దవాఖానా మెట్ల మీద కూర్చుని అతడు అడిగింది ఒకటే. "తృప్తికి చెప్పకు వదినె."

తృప్తి అతని ఒక్కగానొక్క కూతురు. నాందేడ్‌లో ఒక ట్రావెల్స్ దుకాణంలో టికెట్లు తీసే పని చేస్తుంది. దానికి చెవి నొప్పి అనే చెప్పారు. బావులు పూడ్చి బోర్లు వేస్తున్నారు కదా, బాపుకు పని తగ్గిందనుకుంది పిల్ల. లింగన్న మాత్రం అరుగు మీద కూర్చుని ఒక్కో రోజును నమిలి మింగినట్టు గడుపుతున్నాడు. పని చేసినప్పుడు లేని అలుపు పని లేనప్పుడు వచ్చింది. లేస్తే మోకాళ్లు పట్టుకుని లేస్తాడు, కూర్చుంటే గోడ పట్టుకుని కూర్చుంటాడు.

దీపావళికి వచ్చినప్పుడు తృప్తి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. దుకాణం వాళ్లు గిరాకీలకు చూపించేదట. సముద్రం అడుగున రాళ్లు చెట్లలాగా కొమ్మలు వేసి ఉన్నాయి, పువ్వుల్లా విచ్చుకున్నాయి. వాటి నడుమ పసుపు చేపలు తిరుగుతున్నాయి.

"ఇవే పగడాలు పెద్దవ్వా," అంది తృప్తి.

"పోవే. పగడమంటే ఉంగరంల ఎర్రపూస. గీ గోబీ పువ్వు లెక్క ఉన్నయ్, ఇవి పగడాలా?"

లింగన్న ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మూడుసార్లు చూశాడు. "గీ నీళ్లల్ల బురద లేదా బిడ్డా?"

"లేదు బాపు. ఇంట్ల నుంచి వాకిలి చూసినట్టే కనవడ్తది."

"కండ్లు తెర్సుకొనే ఉంటరా లోపల?"

"అద్దం పెట్టుకుంటరు గద."

అతడు ఫోన్ కింద పెట్టాడు. "నలభై ఏండ్లు నీళ్లల్ల ఉన్న. కండ్లు మూసుకొని చేతుల్తోని తడుముకున్న. నీళ్లల్ల ఏమున్నదో ఒక్కపారి గూడ సూడలే."

ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. తృప్తి ఆ మాట పట్టుకుంది. బాపును పంపిస్తానంది. "పెద్దవ్వా, నువ్వు గూడ తోడు పో" అంది. ఇక ఏ సముద్రానికి పోవాలన్నది మొదలైంది, నెల రోజులు ఆ ఇంట్లో వేరే ముచ్చట లేదు.

తృప్తి జాబితా రాసి పంపింది. మొదటిది అండమాన్. పగడాలు అక్కడే బాగుంటాయట, కానీ విమానం ఎక్కాలి. "ఆకాశంల ఎగిరి పోయి నీళ్లల్ల దునుకుడేంది, కొంగలమా?" అంది మైసవ్వ. అది చేతికి అందేది కాదని ముగ్గురికీ తెలుసు కాబట్టి నవ్వి ఊరుకున్నారు. రెండోది లక్షద్వీప్. దానికి ముందే పర్వానా కాగితం తీసుకోవాలి. రేషన్ కార్డులో పేరు సరిచేయించుకోవడానికే తహశీల్‌కు చెప్పులు అరిగేలా తిరిగిన ఇల్లది. కాగితం అన్న మాట వినగానే లింగన్న తల అడ్డంగా ఊపాడు.

మూడోది కర్ణాటకలో మురుడేశ్వర్. దాని దగ్గర సముద్రంలో ఒక దీవి ఉంది, అక్కడ నీళ్లల్లోకి దింపుతారు. ఈ సంగతి తృప్తి ఫోన్‌లో చెప్పింది. లింగన్న ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటాడు, చెడిన చెవి అదే. సగం విన్నాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా నాందేడ్ బస్టాండ్‌కు పోయి విచారించి, సాయంత్రానికి ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"వదినె, దగ్గర్నే ఉన్నది! మురుడ్. లాతూర్ దాటినంక. రోజూ బస్సులున్నయట."

మైసవ్వ రొట్టె కొడుతున్నది ఆపింది. "ఏ మురుడ్?"

"గదే, సముద్రం మురుడ్."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! ఆ మురుడ్ కాడ నేను రెండేండ్లు చెరుకు కొట్టిన. ఆడ సముద్రం ఏడిదిరా? తాగనీకె నీళ్లు లెవ్వు! లాతూర్‌కు రైలు డబ్బాలల్ల నీళ్లు తోలిన ముచ్చట మర్సినవా? పో, పోయి దునుకు. నెత్తి పలుగుతది."

 లింగన్న గోడకు జారగిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. చెవి పోయినప్పటి నుంచి అతడు అట్లా నవ్వడం అదే మొదలు. మైసవ్వ రొట్టె మాడింది, అయినా ఆ పూట ఎవరినీ తిట్టలేదు.

చివరికి మాల్వణ్ ఖాయమైంది. మన మహారాష్ట్ర సముద్రమే, మరాఠీ మాట్లాడితే సరిపోతుంది, బస్సులు మారుకుంటూ పోవచ్చు. అండమాన్ అంత తేట నీళ్లు కావట, పగడాలూ అన్ని లేవట. "మనకు గన్ని ఎందుకు? రెండు కనవడ్తె సాలు," అన్నాడు లింగన్న. ఈత రానివాళ్లను కూడా పక్కన మనిషిని పెట్టి దింపుతారు. తృప్తి దుకాణంలో మాట్లాడి తారీఖు పెట్టించింది. ఫారం పంపింది, కుండల్‌వాడి జెరాక్స్ దుకాణంలో తీయించి, నింపి తిరిగి పంపమంది.

ఆ ఇంట్లో ఫారం నింపేది మైసవ్వే. మరాఠీ బడిలో మూడో తరగతి దాకా చదివింది. నాలుగో తరగతి ఉన్న బడి పక్క ఊళ్లో ఉండటం వల్ల ఆగింది గాని, తెలివి లేక కాదు. కళ్లజోడు పెట్టుకుని, పీట మీద కాగితం పరిచి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. లింగన్న ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

పేరు రాసింది. ఊరు రాసింది. అనుభవం అన్న చోట ఎన్నిసార్లు మునిగారని అడిగారు.

"ఎన్ని బాయిలు రాయాలె?"

"లెక్క ఎవడు పెట్టిండు? పుష్కలం అని రాయి."

'పుష్కళ్' అని రాసింది. దాని కింద నియమాలు ఉన్నాయి. ఆమె పైకి చదివింది. "ప్రవాళాలా హాత్ లావూ నయే." చదివి తలెత్తింది. "చేయి పెట్టొద్దంట."

"దేనికి?"

"పగడాలకు. అవి పానమున్నయి అంట. ముట్టుకుంటె సస్తయంట."

లింగన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ల కొసలు బండల రాపిడికి నున్నగా అరిగిపోయి ఉంటాయి. ఆధార్ మిషన్ కూడా ఆ వేళ్లను గుర్తుపట్టదు. "ముట్టకుండ ఎట్ల ఎరుకైతది వదినె?"

"సూస్తె ఎరుకైతది. లోకమంత గట్లనే బతుకుతది. నీ లెక్క తడుముకుంట ఎవరున్నరు?"

అనేసింది ఆమె. కళ్లజోడు సర్దుకుని తర్వాతి వరుసకు పోయింది. 'కానాచా కాహీ త్రాస్ ఆహే కా?' చెవికి ఏమైనా బాధ ఉందా అని. పక్కన రెండు గడులు. ఒకటి హోయ్, అంటే ఉంది. ఒకటి నాహీ, అంటే లేదు.

మైసవ్వ దాన్ని పైకి చదవలేదు. చదవకుండానే పెన్ను నాహీ గడి మీదకు తీసుకుపోయింది. డాక్టర్ మాట ఆమె మరవలేదు. కానీ గోడకు జారగిలబడి నవ్విన ఆ నవ్వు కూడా మరవలేదు. చిల్లు సంగతి తెలిసింది డాక్టర్‌కు, తనకు, లింగన్నకు. మాల్వణ్ పడవవాడికి ఎవరు చెబుతారు?

"గదేం అడిగిండ్రు?" అన్నాడు లింగన్న.

"ఏం లేదు. ఉత్తదే."

"ఉత్తదైతె చదువకుండ గీత ఎందుకు పెడ్తున్నవ్?"

ఆమె చదివింది.  లింగన్న కాగితం వైపే చూస్తున్నాడు.

"నాహీ అని రాస్త," అంది మైసవ్వ. "ఒక్కపారి గద. నీకు నీళ్లు కొత్తనా?"

"లోపల నా పక్క ఒక మనిషి ఉంటడు అన్నరు గద."

"ఉంటడు. అయితె?"

"కింద నాకు తల తిరిగితె గాయనకే గద గండం. పైకి తెచ్చేది గాయననే. తెచ్చుడు ఎట్లుంటదో నాకెరుక వదినె, నేను ఎంతమందిని తేలే." అతడు మోకాళ్లు పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు. "అలిసిపోయిన. అబద్ధం మోసుకొని గంత లోతు పోనీకె నాతోని గాదు."

"మరి తృప్తి? తారీఖు పెట్టింది పిల్ల."

"ఫారం సూస్తె దానికే ఎరుకైతది. నోటితోని చెప్పనీకె నాకు రాదు."

మైసవ్వకు చాలా మాటలు వచ్చాయి నోటిదాకా. దాచమన్నది ఎవరు, ఇప్పుడు నీతి చెప్పేది ఎవరు అని అడగాలనుకుంది. పెన్ను నాహీ గడి మీద నుంచి తీసింది.

"హోయ్ మీద గీత పెట్టు," అన్నాడు లింగన్న. "పెట్టినవా? కింద జాగ ఖాళీ ఉన్నదా?"

"ఉన్నది. నాలుగు గీతలు."

"గా జాగల రాయి. లింగన్న, కర్ఖేలి. చెవికి చిల్లు పడ్డది, తల ముంచొద్దు. తల ముంచకుండ, నిలవడి సూసే పగడాలు ఏ సముద్రంల ఉన్నా మాకు తెలుపాలె. బస్సుల పొయ్యే జాగ అయితె మంచిది, సస్తల ఉండాలె." కొంచెం ఆగి, ఆమె ముఖం చూసి అన్నాడు, "మంచిగ రాయి వదినె. తిట్టకుండ రాయి."