నాలుక చాపిన నేరానికి మెమో

డాక్టర్ మాణిక్యం గారికి మనిషి కనపడితే చాలు, నాలుక చాపే అలవాటు. కొస చూపించి ఊరుకోవడం కాదు, గడ్డానికి తగిలేలా చాపడం. యాభై తొమ్మిదేళ్ల వయసు, గంజి పెట్టిన నేతచీర, మెడలో స్టెతస్కోపు, ఆపైన నాలుక. భవానీపురంలో ఆ నాలుక చూడని ఆటోడ్రైవరు లేడు.

మింగలేని రోగుల్ని పరీక్షించడం ఆవిడ పని. ఎదుటివాళ్లు బదులుగా చాపితే, అది ఎటు ఒరిగిందో, వణికిందో లేదో అక్కడే చూసేస్తారు. ఎక్స్‌రే టెక్నీషియన్‌గా ఆరేళ్లు పక్కన పనిచేశాను కాబట్టి నా నాలుక చరిత్రంతా ఆవిడకు కంఠతా వచ్చు.

ఒకసారి మా సర్కారు ఆసుపత్రికి తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు నీళ్లు తాగి దగ్గారు. మంచానికి ఇద్దరేసి రోగులున్న సంగతి ఆయనకు కనపడలేదు గాని, ఆ దగ్గు విని మేడమ్ చాపిన నాలుక మాత్రం కనపడింది. సూపరింటెండెంటు వెంకటకృష్ణారావు గారు మెమో ఇచ్చారు. 'నాలుక చాపడం విధి నిర్వహణలో భాగం. పరీక్ష పూర్తికాకుండానే లోపలికి తీసుకున్నందుకు చింతిస్తున్నాను' అని మేడమ్ జవాబు రాశారు.

తర్వాత లాజరు వచ్చాడు. చల్లపల్లి అవతలి పల్లెలో డెబ్బై ఏళ్ల రైతుకూలీ. పక్షవాతం వచ్చి నెల నుంచి ముక్కుగొట్టంతోనే తిండి. కుర్ర డాక్టరు తౌసిఫ్ నాలుక చాపమంటే కొస పళ్లు దాటలేదు. నీళ్లు పోస్తే పొలమారింది. నాలుక పనిచేయడం లేదు, పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలని రాసేశాడు.

"అయితే ఇంక మా నాన్న నోటితో అన్నం తినడాండీ?" అని కూతురు కృప అడిగింది.

మేడమ్ మంచం పక్కన స్టూలు లాక్కుని నాలుక చాపారు. లాజరు తల దించుకున్నాడు.

"ఆసాముల ముందు నోరు తెరిచి ఎరగడండీ. మీరు డాక్టరమ్మ గారాయె, మీకు నాలుక చూపిస్తే తప్పనుకుంటాడు" అంది కృప.

మేడమ్ తౌసిఫ్ వైపు తిరిగారు. "అరవై ఏళ్లు నోరు మూసుకోమని చెప్పి, ఇవ్వాళ తెరవలేదని రిపోర్టు రాస్తావేంటయ్యా? మనం సిగ్గు విడిస్తేనే వాళ్లు తెరుస్తారు. నేనెందుకు ముందు చాపుతాననుకున్నావ్? నువ్వూ చాపు."

తౌసిఫ్ చాపాడు. నేను చాపాను. కృపా చాపింది. సరిగ్గా అప్పుడే రౌండ్సుకొచ్చిన సూపరింటెండెంటు గారు గుమ్మంలో కొయ్యబారిపోయారు. ఆయన మొహం చూసి లాజరుకు నవ్వాగలేదు. నవ్వుతూనే చాపేశాడు. నాలుకంతా బయటికొచ్చింది, కాస్త కుడికి ఒరిగి.

ఎక్స్‌రే గదిలో మేడమ్ పెరుగన్నంలో ఎక్స్‌రేకి కనపడే బేరియం పొడి కలిపి, లాజరు తల బలం తగ్గిన కుడివైపుకే తిప్పి, గడ్డం దించి మింగమన్నారు. తెరమీద నల్లటి ముద్ద నాలుక మీంచి జారి, గాలిగొట్టాన్ని తప్పించుకుని, తిన్నగా ఆహారనాళంలోకి దిగింది. దారి తప్పేది పల్చటి నీళ్లే, మెత్తటి అన్నం కాదు. పొట్టకు రంధ్రం కాగితాన్ని తౌసిఫే చింపేశాడు. మేడమ్‌కు ఇంకో మెమో వచ్చింది.

పది రోజులకు, ముక్కుగొట్టం లేకుండా ఇంటికెళ్తూ లాజరు వరండాలో సూపరింటెండెంటు గారికి ఎదురుపడ్డాడు. చేతులు కట్టుకోలేదు, తల దించలేదు. నాలుక బారెడు చాపాడు. ఆయన అటూ ఇటూ చూసి, ఇంకెవరూ లేరనుకుని, తనూ చాపారు.

"కాస్త తెల్లగా ఉందండీ. మంచినీళ్లు ఎక్కువ తాగండి" అన్నారు మేడమ్, స్తంభం వెనక నుంచి.