సిలువ పడాల్సిన చోటు

మొన్న మా మనవరాలు తాను తయారుచేస్తున్న పెళ్లిపిలుపుల వెబ్‌సైటును నా పాత ఫోనులో తెరిచి చూపిస్తే, వధూవరుల పేర్ల పక్కన పూలగుత్తి ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఒకటి కనబడింది. సంకేతం సరిగ్గానే వచ్చిందనీ, దానికి తగిన బొమ్మ ఈ ఫోనులో లేదనీ చెప్పి, కోడులో నాలుగు వరుసలు రాసి అయిదు నిమిషాల్లో సరిచేసేసింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

డెబ్భైల చివర్లో నేను ఆదోనిలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరును. గళ్లపెట్టెలోంచి సీసపు అక్షరాలు ఏరి పేర్చే పని నాకు నేర్పింది మా పెద్ద కంపోజిటరు. అందరం ఆయనను చాచా అనేవాళ్లం. ఆ రోజుల్లో ఏదైనా అక్షరమో బొమ్మో లేకపోతే, చోటు పోకుండా వేరే సీసపు దిమ్మెను తలకిందులుగా పెట్టేవాళ్లం. ప్రూఫులో అది నల్లటి మచ్చగా పడేది. అసలుది రాగానే మార్చాలని గుర్తు.

గోనెగండ్ల నుంచి ఒక కూలిమనిషి వచ్చి, కూతురి పెళ్లికార్డులు అచ్చుకిచ్చి, పైన సిలువ ఉండాలన్నాడు. మా సిలువ బ్లాకు విరిగిపోయి కొత్తది బళ్లారి నుంచి రావాల్సి ఉండటంతో, అక్కడ దిమ్మె తిరగేసి పెట్టాను. శుక్రవారం నమాజుకు వెళుతూ చాచా, "బ్లాకు మార్చేదాంక మిషనెక్కించొద్దప్పా" అని మరీ మరీ చెప్పాడు. ఆయన అటు వెళ్లగానే బ్లాకు వచ్చింది. దాన్ని సొరుగులో పడేసి, మ్యాట్నీకి పోయే తొందరలో పేర్చిన ఫారాన్ని అలాగే మిషను మీదికి ఇచ్చేశాను.

నెల తిరక్కముందే ఆ తండ్రి కార్డు పట్టుకుని వచ్చాడు. కార్డుల కట్ట నేరుగా పంచేవాళ్ల చేతికి వెళ్లడంతో తాను ముందు చూసుకోలేదన్నాడు. చిప్పగిరిలో ఉండే ఆయన అక్కకు చదువు రాదు. మా వైపు చావు ఉత్తరానికి మూలన నలుపు పూస్తారు. కార్డు నెత్తిన నల్లమచ్చ చూసి, తమ్ముడే పోయాడనుకుని, గుండెలు బాదుకుంటూ బస్సెక్కి వచ్చి, పందిరి వేస్తున్న ఇంటి ముందు కూలబడిందట. పెళ్లింటికి ఏడుపు తెచ్చిందని బంధువులు తలా ఒక మాట అంటే, పడలేక, పెళ్లి చూడకుండానే వెళ్లిపోయిందట. ఆయన గొంతు కూడా పెంచలేదు.

"సదివేటోళ్లు మాకు యాడుండారన్నా? గుర్తు సూసే కదా తెలుసుకునేది," అన్నాడు.

ప్రూఫు ఎవరు చూశారని యజమాని అడిగాడు. నేను తల వంచుకున్నాను. చాచా నా వైపు ఒకసారి చూసి, "నేనే సూసినా" అన్నాడు. ఆయనను ఆ రోజే పనిలోంచి తీసేశారు. నాకు కొత్తగా పెళ్లయింది, పని పోతే ఎట్లా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన స్టూలు నాకిచ్చారు, కూర్చున్నాను.

కొన్నేళ్ల తర్వాత ఎమ్మిగనూరు బజారులో తువ్వాళ్లు అమ్ముతూ కనబడ్డాడు. "బాగుండావా అప్పా?" అంటూ భుజం తట్టి, టీ తాగించాడు. పాత సంగతి ఎత్తలేదు. మళ్లీ వచ్చి క్షమించమని చెబుదామనుకుంటూ ఉండగానే ఆయన పోయిన కబురు తెలిసింది.

ఇప్పుడా అచ్చాఫీసు లేదు, ఆ అక్షరాలను ఎప్పుడో కరిగించేశారు. నేటి పిల్లలు తప్పు కనబడగానే దిద్దేస్తారు, పాతదాని జాడ కూడా మిగలదు. మా తప్పులు కాగితాల మీద ఊళ్లకు వెళ్లిపోయేవి, వెనక్కి పిలిచే వీలుండేది కాదు. అలా వెళ్లినదాని సంగతి సరే. చాచా ముందు ఒక్క మాటతో దిద్దుకోగలిగినదాన్ని, ఆయన ఇప్పించిన టీ తాగుతూ కూడా నేను దిద్దుకోలేదు.