అల్మారా తలుపు మీది జాబితా

కతోలిక విశ్వాసాన్ని లోతుగా తెలుసుకోవాలంటే ఏ పుస్తకాలు చదవాలి, ఏ వరసలో చదవాలి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు విచారణల్లో, అంటే చర్చి పారిష్‌లలో, ఈ ప్రశ్న అడిగే యువతకు కొన్నేళ్లుగా వాట్సాప్‌లో ఒక జాబితా అందుతోంది. దాని కింద నా పేరు ఉంటుంది. ఆ జాబితా నాది కాదు. ఈ మాట చెప్పడానికి చాలా ఆలస్యం చేశాను.

అది మా పెద్దనాయనది. అయిజ దగ్గర మా ఊళ్లో ఆయన ఉపదేశి. ఫాదర్ నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్తే, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేదీ పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేదీ ఆయనే. ఐదో తరగతి దాటలేదు. పగలంతా పత్తి చేలల్లో కూలి. కాలువ పనులకు పుణె వైపు వలసపోయిన ఏళ్లలో కూడా బట్టల మూటలో ఒక పుస్తకం ఉండేది.

చర్చిలో ఒక చెక్క అల్మారా ఉండేది. దాని తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఆయన వరస రాసిపెట్టాడు. ముందు పిల్లల ప్రశ్నోత్తరాల జ్ఞానోపదేశం. తర్వాత సువార్తలు, ఒక్కొక్కటే, నెమ్మదిగా. ఆపైన పూజలో ప్రతి భాగానికీ అర్థం చెప్పే పుస్తకం, ఒక పునీతురాలు (సెయింట్) తన జీవితం గురించి తానే రాసుకున్నది, తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులైన పితృపాదుల ఉత్తరాలు. ఇతర క్రైస్తవ సంఘాల వాళ్లు అడిగే ప్రశ్నలకు సమాధానాలిచ్చే పుస్తకాలు అన్నిటికన్నా చివర.

ఒక షరతు కూడా ఉండేది. పుస్తకం తీసుకున్నవాళ్లు దాన్ని ఇంట్లో చదువురాని పెద్దవాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లకు అర్థమైందో లేదో ఆయనే ఇంటికొచ్చి అడిగేవాడు. ఆ తర్వాతే రెండోది చేతికిచ్చేవాడు.

"నీకు ఎర్కైతె సాలదురా. మీ అమ్మకు ఎర్కైందా? కాలేదంటె నీకూ కానట్టే."

నేను ఆ షరతు దాటేశాను. డిగ్రీ చదివేవాడికి పిల్లల పుస్తకమేమిటనిపించింది. ఆయన లేనప్పుడు కింది అరలోని సమాధానాల పుస్తకాలు తీసుకెళ్లి బట్టీపట్టాను.

గద్వాలలో బడిపంతులునయ్యాక, వనపర్తిలో చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లాను. ఆమె భర్త, మా బావ, కతోలికుడు కాదు; వేరే క్రైస్తవ సంఘం ప్రార్థన మందిరానికి పోతాడు. భోజనాల దగ్గర మెల్లగా అడిగాడు:

"బామ్మర్దీ, మీరు పునీతులను ఎందుకు అడుగుతరు? దేవుణ్ణే అడగొచ్చు గద?"

తెలుసుకోవాలనే అడిగాడు. నేను మాత్రం అధ్యాయాలు, వచనాలు అతని మీద గుప్పించాను. చివర్న, "ఏంది బావా, నోట్ల మాట పోయిందా?" అన్నాను. బంతిలో అందరూ నవ్వారు. బావ సగం అన్నం వదిలి లేచిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. నేను గెలిచానని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను.

తర్వాత విచారణ జూబిలీ సంచికకు ఏదైనా రాయమన్నారు. తలుపు మీది వరసను ఉన్నదున్నట్టు దించి నా పేరు పెట్టుకున్నాను. ఈ రోజుల్లో నవ్వుతారని షరతు వదిలేశాను. అప్పటినుంచి అది ఫోన్లలో తిరుగుతోంది.

నిరుడు ఫాదరే దాన్ని పెద్దనాయనకు ఫోన్‌లో చూపించారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. అక్షరాలు పెద్దవి చేయించుకుని చివరిదాకా చదివాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"వరస తప్పలె. మంచిగనే దించినవ్. కని మందుల పేర్లు రాసి, ఎట్ల మింగాలెనో రాయకపోతివి."

"తప్పైంది పెద్దనాయినా. నీ పేరు పెట్టి మళ్ల పంపిస్త."

"నా పేరెందుకురా? మొదటి పుస్తకం నువ్వు ఎవరికి చదివినవ్, గది చెప్పు."

ఎవరికీ చదవలేదు. ఇప్పుడు చదువుదామన్నా మా అమ్మ పోయి చాలా కాలమైంది.

"మీ చెల్లె అత్త ఉన్నది గద. పో."

బావ ఇంటికి ఆ పిల్లల పుస్తకం పట్టుకుని వెళ్లాను. బావ పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. వాళ్లమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ వింది. పునీతుల గురించిన ప్రశ్న దగ్గర చేయి ఆపింది.

"ఆగు. నా కొడుక్కు జొరమొస్తె, నా కోసరం జర ప్రార్థన చెయ్యి అని పక్కింటామెను అడుగుత. ఆమె దేవుడైతదా? కాదు గద. పునీతులను అడిగేది గట్లనేనా?"

"గట్లనే అత్తా."

"మరి గింత మాటకు నా కొడుకును అన్నం కాడికెంచి లేపితివా?"

గుమ్మంలో బావ నవ్వాడు. "అప్పుడే మా అమ్మకు చెప్పకపోతివి బామ్మర్దీ," అంటూ వచ్చి కూర్చున్నాడు. "అన్నం తినిపో." ఇప్పటికీ తన మందిరానికే వెళ్తాడు. మా ఇంటికి కూడా వస్తున్నాడు.

ఐదో తరగతి చదివిన కూలిమనిషి, దైవశాస్త్రాన్ని చిక్కుడుకాయలు గిల్లే ముసలమ్మ దాకా తీసుకెళ్లే దారి కనిపెట్టాడు. ఆయన తమ్ముడి కొడుకునని చెప్పుకోవడం నాకు ఏ పట్టా కన్నా గొప్ప. ఇకమీదట ఈ జాబితా మీకు వస్తే నా పేరు కొట్టేసి 'అయిజ వైపు ఒక ఉపదేశి' అని రాయండి. షరతును మొదటి వరసలో పెట్టండి.

నేను తిరిగొచ్చి అత్త అన్న మాట చెప్పగానే పెద్దనాయన అల్మారా దాకా కర్రపోటేసుకుని నడిచాడు. యాభై రెండేళ్ల వయసులో నా చేతికి రెండో పుస్తకం వచ్చింది.