సత్తు గ్లాసుల బేరం

పిడుగురాళ్ల బజారులో బేరమాడడంలో నన్ను మించినవాళ్లు లేరని ఇప్పటికీ చెప్పుకుంటాను. కంచు గ్లాసులు కొనమని డాక్టరమ్మ ఇచ్చిన డబ్బులో సగానికే, అన్ని గ్లాసులూ సత్తువి తెచ్చాను. పైగా కొసరుగా ఒక గరిటె.

మాది నరసరావుపేటలో పాత్రల కొట్టు. కొనేవాళ్లు కంచు గిన్నెను వేలి కణుపుతో కొట్టి, మోత వినందే డబ్బు తీయరు. ఆ మోతల మధ్యే పెరిగాను. ఎనభైల్లో, డిగ్రీ అయ్యాక, ఆ డాక్టరమ్మ దగ్గర సర్వే పనికి కుదిరాను. సున్నపు బట్టీల వెనక గదుల్లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు మెడ మీద వేళ్ల గుర్తులతో ఆమె దగ్గరికి వచ్చేవారు. వచ్చే మగవాళ్లు పీక ఎప్పుడు పట్టుకుంటున్నారు, వీళ్లెలా తప్పించుకుంటున్నారు అన్నది అడిగి రాసుకురావడం నా పని.

వాళ్లలో పెద్దామెను అందరూ అక్క అనేవారు. నేనూ అన్నాను.

"గట్టిగా అరవొచ్చుగా అక్కా?"

"గొంతు వాడి చేతిలో ఉంటే దేంతో అరవను అమ్మాయ్, నీ కాగితాలతోనా?"

నవ్వుతూనే, మంచం పక్కన స్టూలు మీదున్న కంచు గ్లాసును చేత్తో నెట్టింది. నాపరాళ్ల నేల మీద ఖంగుమంది. "ఏందక్కా, ఏమైంది?" అంటూ పక్కగది ఆమె తలుపు తోసుకొచ్చింది.

"ఇదీ మా అరుపు. ఉంది ఒక్కటే."

నేనిది చెబితే, గదికొక కంచు గ్లాసు కొనమని డాక్టరమ్మ డబ్బిచ్చింది. నేను సత్తువి పంచాను. అక్క ఒకదాన్ని వేలితో కొట్టింది.

"చానా సచ్చుగా ఉందమ్మాయ్. ఇది మోగదు."

"కిందపడితే ఎందుకు మోగదు? మిగిలిన డబ్బుతో మీకు మందులొస్తయ్ అక్కా."

మిట్టమధ్యాహ్నం పడేసి చూపించాను. పక్కగదికి వినబడింది. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. అక్క తన కంచు గ్లాసును కొత్తగా వచ్చినామెకిచ్చి, సత్తుది తను ఉంచుకుంది.

కొన్నాళ్లకు, పొద్దుగూకే వేళ, సున్నం లారీలు వరసగా ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. గదికి వచ్చినవాడు పీక పట్టుకుంటే అక్క గ్లాసు నెట్టింది. ఎవరికీ వినబడలేదు. వాడు వెళ్లిపోయాక, పక్కగది ఆమె టీకి పిలవబోయి చూసింది. అక్క నేల మీద పడి ఉంది. గ్లాసు మంచం కింద.

బతికింది. మాట పోయింది. ఆసుపత్రికి వెళ్తే నన్ను చూసి, వేలు మడిచి గాల్లో గ్లాసు కొట్టినట్టు చూపింది. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"మీ గ్లాసులు మీరే పట్టుకుపోండమ్మా," అంది పక్కగది ఆమె. "నీళ్లు తాగటానికి మాకు చెంబులున్నయ్."

లెక్క చెప్పాలంటే, నేను మిగిల్చిన సగమూ అక్క మందులకే అయింది. చాలక మా నాన్న గల్లాలోంచి తీసిందీ అయింది. గొంతు రాలేదు. గరిటె ఒక్కటే ఉత్తపుణ్యానికి వచ్చింది.