మైలలో చేతులు మారిన దువ్వెన ముద్ర

మా అత్తగారి ఇప్పపువ్వు ఉండలను సంతలో ఎవరూ ఆమె పేరు చెప్పి అడిగేవారు కాదు. "దువ్వెనవి ఉన్నయా?" అనేవారు. కాగితపు పొట్లం మీద నీలం రంగులో ఒక దువ్వెన, పైన మూడు ఇప్పపూలు. టేకు చెక్క మీద మా మామగారు చెక్కిన అచ్చు అది. పూలు చెక్కాక కింద ఖాళీ మిగిలితే, ఎదురుగా అత్తగారి కొప్పులో ఉన్న దువ్వెన చూసి అదీ చెక్కేశాడట. భద్రాచలం దారిలోని సంతలన్నిటికీ ఆ బొమ్మ తెలుసు.

మామగారు పోయి ఇంటికి మైల వచ్చింది. కడుపు నింపే పనిముట్టు చావు జరిగిన ఇంట్లో ఉండకూడదని మా ఇళ్లలో పద్ధతి. మైల లేని చుట్టం చేతిలో పెట్టి "ఇగ నీదే" అనాలి. అది మన వస్తువని చావుకు తెలియకూడదని అట్లా అంటారు. ఏడాది తిరిగాక తీసుకున్నవారే గుప్పెడు బియ్యంతో తెచ్చి, అదే మాట అని మన చేతిలో పెట్టాలి. మనంతట మనం అడగకూడదు. అడిగితే ఇంకో చావును ఇంటికి పిలిచినట్టే.

అత్తగారు ఆ అచ్చును తన అన్న కొడుకు చేతిలో పెట్టింది. వాళ్ల అమ్మ మంచాన పడితే చిన్నప్పుడు అతన్ని సాకింది ఈమే. తల్లాడ దగ్గర అతనికి కిరాణా షాపు ఉంది. ఏడాది తిరిగింది, అతను రాలేదు. అచ్చు లేకుండా ఉండలు చుట్టనని ఆమె మిర్చి కోతలకు పోయింది. ఇప్పపూలు రాలే కాలాలు ఎన్నో వచ్చి వెళ్లాయి. ఇంతలో అతని షాపు నిండా దువ్వెన బొమ్మ డబ్బాలు వెలిశాయి. ఆమె బస్సెక్కి పోయి చూసి వచ్చి, "మంచిగ కొట్టించిండు పోరడు, రంగులల్ల" అని మురిసింది కూడా.

"పోయి అడుగరాదా అత్తా" అన్నాను.

"నోర్ముయ్యి. నీ మొగుడు సల్లగుండాలె."

ఆఖరికి మా ఆయన కొత్త అచ్చు చెక్కాడు. చెక్కుకుంటే అడిగినట్టు కాదు కదా అనుకున్నాం. అమ్మకం మొదలుపెట్టామో లేదో కోర్టు కాగితం వచ్చింది. దువ్వెన గుర్తు తన పేర రిజిస్టరు అయిందని, మేము దాన్ని దొంగతనంగా వాడుతున్నామని మేనల్లుడు కేసు వేశాడు.

మా వకీలు చిన్న వయసు ఆడపిల్ల. కోర్టు వరండాలో కూర్చోబెట్టి చెప్పింది. "రిజిస్టరు కాగితం ఒక్కటే చూడరు పెద్దమ్మా. అంతకంటె ముందుగాల్నించి ఆ గుర్తు వాడేటోళ్లను ఆ కాగితం ఆపలేదు. గని వాడుడు తెగొద్దు. ఇంకోటి, ఎదుటోడు వాడుతున్నడని తెలిసి ఏండ్లకేండ్లు ఊకుంటే ఒప్పుకున్నట్టే లెక్క."

"ఊకోలేదు బిడ్డా. ఎదురుచూసిన."

"కోర్టుకు ఆ రెండూ ఒక్కతీరే కనబడతయి" అంది ఆ పిల్ల, ఫైలు మూస్తూ.

బోనులో అత్తగారిని మేనల్లుడి వకీలు అడిగాడు. "అచ్చు ఇస్తూ 'ఇగ నీదే' అన్నారా?"

"అన్న. గని మైల ఉన్నప్పుడు..."

"అవునా, కాదా?"

"అవ్."

"తిరిగి ఇమ్మని ఎప్పుడైనా అడిగారా?"

"గట్ల అడగరు సారూ."

"అడిగారా?"

"అడగలె."

"షాపులో డబ్బాలు చూసి ఏమన్నారు?"

"మంచిగ కొట్టించిండన్న."

వెనక బెంచీల మీద నవ్వారు. మేనల్లుడు తల వంచుకున్నాడు, సిగ్గుతో అనుకున్నాను. ఫోను చూసుకుంటున్నాడు.

నోటిమాటతో గుర్తు మీది హక్కు మారదని, రాసివ్వాలని మా వకీలు వాదించింది. తీర్పునాడు జడ్జిగారు ఆ మాట నిజమే అన్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. ఆ వెంటనే ఆయన మిగతాది చదివారు. మొదట వాడింది ఈమే అయినా మధ్యలో వాడకం తెగింది. అతని వాడకం తెలిసీ అభ్యంతరం చెప్పలేదని ఆమే ఒప్పుకుంది. కాబట్టి కొత్త అచ్చు అప్పగించాలి, ఆ గుర్తుతో ఇక అమ్మకూడదు. నా చెయ్యి పట్టుకున్న వేళ్లు అట్లాగే ఉండిపోయాయి.

బయట ఆమె మేనల్లుడి ముందు నిలబడింది. "అచ్చు నువ్వే ఉంచుకో. 'ఇగ నీదే' అని ఒక్కపారి నోటితోని అను బిడ్డా. ఇంటి మైల పోతది."

అతను నోరు తెరిచాడు. పక్కనున్న వకీలు మోచేత్తో పొడిచాడు. "అనకండి. రేపు వీళ్లు అప్పీలుకు పోతే అదే సాక్ష్యమవుతుంది."

అతను నోరు మూసుకుని, నా వైపు తిరిగాడు. "అక్కా, అత్తను షాపుకు పంపియ్. ఆమె చుట్టినట్టు ఎవ్వలకు రావు ఉండలు. కూలి ఇస్త."

"నీకు సిగ్గు లేదారా?" అన్నాను.

"కేసు గెల్చినోనికి సిగ్గెందుకక్కా?"

తర్వాతి సంతకు మేము ఏ గుర్తూ లేని పొట్లాలు తీసుకుపోయాం. అప్పట్లో ఎన్నో ఏళ్లు మా దగ్గర కొన్న ఆమె ఒకతి ఒక ఉండ కొరికి, "రుచి గదే గని, దువ్వెన లేదేంది? నకిలీయి వస్తున్నయంట" అని మిగతా ముక్క పొట్లం మీద పెట్టి పోయింది.

ఇప్పపూలు మళ్లీ రాలే నాటికి అత్తగారు తల్లాడ బస్సెక్కింది. ఇప్పుడు మేనల్లుడి షాపు వెనక రేకుల షెడ్డులో ఉండలు చుడుతుంది. డబ్బాలకు దువ్వెన అంటించే గది వేరే ఉంది. అందులోకి ఆమెను రానివ్వరు.